లాయరు లేకుండా కోర్టుకెళితే: జర్మనీలో రెండున్నర శతాబ్దాల కథ

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరు పోకుండా కొద్దిపాటి సవరణలు మాత్రం చేశాం.)



ఇవాళ కోర్టుల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, ఎవరిమీదా కేసు వెయ్యమని చెప్పబోవడం లేదు. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అన్న సామెత వింటూ పెరిగినవాళ్ళం మనం. కోర్టు మెట్లెక్కడమంటే ఇంటి పరువు బజారున పెట్టుకోవడమేనని మా నాన్నగారు అనేవారు. అలా పెరిగిన నేను, జర్మనీకి వచ్చిన ఆరో ఏట, లాయరు లేకుండా ఒక్కణ్ణే కోర్టు గుమ్మం ఎక్కాల్సొచ్చింది.

సంగతి చాలా చిన్నది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి, ఉన్న ఇల్లు ఖాళీ చేశాం. ఇంటాయన దగ్గర మా అడ్వాన్సు ఉంది. ఇక్కడ దాన్ని కౌత్సియోన్ అంటారని మీకు తెలుసు. మూడు నెలల అద్దె, 1,800 యూరోలు. చట్టం ప్రకారం అంతకు మించి తీసుకోకూడదు కూడా. ఏడాది గడిచింది, డబ్బు రాలేదు. ఉత్తరాలకు జవాబు లేదు, ఫోను ఎత్తరు. లాయరు దగ్గరకు వెళదామంటే, ఉన్న 1,800 కాస్తా ఆయన ఫీజుకే పోతుందేమోనని భయం. మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ విని, "ఈ ఊళ్ళో ఆమ్ట్స్‌గెరిష్ట్ ఉంది కదా, వెళ్ళు. అక్కడ రాసిపెడతారు" అంది.

ఆమ్ట్స్‌గెరిష్ట్ అంటే కింది కోర్టు. మన మున్సిఫ్ కోర్టు లాంటిదనుకోండి. వెళ్ళాను. ఒక గది, ఒక బల్ల, దాని వెనక ఒక ఉద్యోగి. ఆయన మొదటే చెప్పేశాడు: "మీరు గెలుస్తారో లేదో నేను చెప్పను, అది నా పని కాదు. మీరు చెప్పిన సంగతి కోర్టుకి పనికొచ్చే తీరులో రాసిపెట్టడం నా పని." నా జర్మన్ అంతంతమాత్రం. ఆయన ఓపిగ్గా అడిగాడు. ఎవరినుంచి రావాలి, ఎంత రావాలి, ఎందుకు రావాలి, కాగితాలేమున్నాయి. ముక్కాలు గంటలో నా దావా తయారైంది. చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. కేసు నడవాల్సింది పాత ఊళ్ళో కదా అన్నాను. "ఇక్కణ్ణుంచి మేమే పంపుతాం" అన్నాడు. రాసిపెట్టినందుకు పైసా తీసుకోలేదు.

బయటికొచ్చాక నాకు మా ఊరి కోర్టు ముందున్న వేపచెట్టు గుర్తొచ్చింది. చెట్టు కింద అర్జీలు రాసేవాళ్ళు కూర్చునేవాళ్ళు. ముందొక టైపు మిషను, పక్కన కార్బన్ కాగితాలు. పల్లెనుంచి వచ్చినవాడు తన గోడు చెప్పుకుంటే, వాళ్ళు దాన్ని కోర్టు భాషలోకి మార్చేవాళ్ళు. పావలాకో, రూపాయికో. జర్మనీ వాళ్ళు ఆ చెట్టు కింది బల్లని కోర్టు లోపలికి తెచ్చి వేసి, జీతమిచ్చి మనిషిని కూర్చోబెట్టారన్నమాట. ఆ గదికి రెష్ట్స్ ఆంట్రాగ్ ష్టెల్లె అని పేరు. నోరు తిరగని పేరే గాని, అర్థం తేలిక: హక్కు కోసం అర్జీ పెట్టుకునే చోటు.

ఈ బల్ల ఇక్కడికెలా వచ్చిందా అని ఆరా తీశాను. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, అది రెండున్నర శతాబ్దాల కథ అని తేలింది. ఆ కథలో ఒక తిరగలి మిల్లు ఉంది, ఒక మహారాజు ఉన్నాడు, ఒక చెడ్డ చట్టం ఉంది, తనమీద తనే ఫిర్యాదు చేసుకున్న ఒక జడ్జి ఉన్నాడు.

మొదట మిల్లు కథ. బెర్లిన్‌కి తూర్పున నాయ్‌మార్క్ అనే ప్రాంతం ఉండేది. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. అక్కడ పొమ్మర్‌త్సిగ్ అనే ఊళ్ళో క్రిస్టియన్ ఆర్నోల్డ్ అనే ఆయనకి నీటితో తిరిగే పిండిమర ఉండేది. భూస్వామి అయిన ష్మెట్టావు ప్రభువుకి ఏటా కౌలు కట్టాలి. 1770లో వాగుకి ఎగువన గెర్స్‌డోర్ఫ్ అనే మరో జమీందారు చేపల పెంపకానికి చెరువులు తవ్వించుకున్నాడు. ఈయన ఆ జిల్లా అధికారి కూడా. నీళ్ళు తగ్గాయి, మర ఆడటం లేదు, కౌలు కట్టలేనని ఆర్నోల్డ్ మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. 1778లో మరని వేలం వేశారు.

ఆర్నోల్డ్ భార్య రోసీనె ఊరుకోలేదు. రాజుకి అర్జీల మీద అర్జీలు పెట్టింది. అప్పటి ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్. చరిత్రలో ఫ్రెడరిక్ ది గ్రేట్ అంటారే, ఆయన. జడ్జీలూ లాయర్లూ కలిసి బీదవాణ్ణి ముంచుతున్నారని ఆయనకి ఎప్పటినుంచో అనుమానం. మళ్ళీ విచారించమని ఆజ్ఞాపించాడు. కింది కోర్టు, ఆపైన బెర్లిన్‌లోని కామ్మర్‌గెరిష్ట్ అనే పెద్ద కోర్టు కూడా ఆర్నోల్డ్‌దే తప్పన్నాయి. 1779 డిసెంబరు 11న రాజు తన న్యాయమంత్రినీ, ముగ్గురు జడ్జీలనూ పిలిపించి, నోటికొచ్చినట్టు చీవాట్లు పెట్టాడు. మంత్రిని అక్కడికక్కడే తీసేశాడు. జడ్జీలను జైల్లో పెట్టించాడు. న్యాయం ముందు రాజకుమారుడూ రైతూ ఒకటేనని పత్రికల్లో వేయించాడు. జడ్జీలకు శిక్ష రాయమంటే త్సెడ్‌లిట్స్ అనే మంత్రి రాయనన్నాడు. అయినా రాజు తనే శిక్ష వేశాడు. ఊళ్ళో జనం రాజుకి జేజేలు కొట్టారు.

(సాన్‌సూసీ రాజభవనం పక్కనున్న గాలిమర కథ ఇంకొకటుంది. అది జనం చెప్పుకునే కథ. దీనితో కలపకండి.)

అయితే ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. రాజుగారు చేసింది న్యాయమేనా? ఆ జడ్జీలు లంచం తిన్నారని ఎవరూ రుజువు చెయ్యలేదు. 1786లో ఫ్రెడరిక్ చనిపోయాక, కొత్త రాజు హయాంలో వాళ్ళ తప్పేం లేదని తేల్చారు. మంచి మనసుతోనే అయినా, కోర్టు పనిలో రాజు వేలు పెట్టడం తప్పేనని తర్వాతి తరాలవాళ్ళు రాశారు. నాకు మాత్రం ఆ కేసులో అసలు ప్రశ్న వేరేగా కనిపిస్తుంది. రోసీనె కోర్టులో చెప్పుకోవాల్సిన మాటని రాజుదాకా ఎందుకు మోసుకెళ్ళాల్సొచ్చింది? కోర్టులో ఆమె మాట రాసుకునేవాడు, "ఇంకేం జరిగింది?" అని అడిగేవాడు లేకపోబట్టే కదా.

ఫ్రెడరిక్‌కీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. కొత్తగా వచ్చిన న్యాయమంత్రి కార్మర్, ఆయన కింద పనిచేసిన స్వారెట్స్ అనే మేధావి కలిసి 1781లో కోర్టు పద్ధతుల మీద కొత్త చట్టం తయారుచేశారు. అందులో ఏంచేశారో తెలుసా? లాయర్లని తీసేశారు! వాది తరఫున ఒకరు, ప్రతివాది తరఫున ఒకరు వాదించుకోవడం లేదు. జడ్జీయే నిజమేమిటో తవ్వి తియ్యాలి. కక్షిదారులకి సాయంగా ప్రభుత్వ జీతం తీసుకునే సహాయకులని పెట్టారు.

వినడానికి బాగుంది. నడవలేదు. జీతమిచ్చేది సర్కారు, నా తరఫున నిలబడతాడా అని జనానికి అనుమానం. 1793లో సవరించిన చట్టం వచ్చేసరికి ఆ సహాయకులు పోయారు, లాయర్లు వేరే పేరుతో తిరిగొచ్చారు. దీనితో ఒక పాఠం నేర్చుకున్నారనుకోవచ్చు. లాయర్లని తీసేసినంత మాత్రాన లాయరు లేనివాడికి న్యాయం జరగదు.

ఇక్కణ్ణుంచి ఒక వందేళ్ళు ముందుకెళదాం. 1871లో జర్మనీ ఒకే రాజ్యమైంది. అప్పటిదాకా ఒక్కో సంస్థానానికి ఒక్కో పద్ధతి. అందరికీ కలిపి 1877లో సివిల్ ప్రొసీజర్ కోడ్ చేశారు. ఇక్కడ దాన్ని త్సివీల్ ప్రొట్సెస్ ఒర్డ్‌నుంగ్ అంటారు. 1879 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఎన్నో సవరణలతో ఇవాళ్టికీ అదే చట్టం.

ఆ చట్టం కోర్టులని రెండుగా విడదీసింది. జిల్లా స్థాయి లాండ్‌గెరిష్ట్‌లో, ఆపైన, లాయరు లేకుండా నోరు విప్పడానికి వీల్లేదు. కింద ఉన్న ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో మాత్రం ఎవరికి వాళ్ళే నిలబడవచ్చు. అప్పట్లో ఆమ్ట్స్‌గెరిష్ట్ హద్దు 300 మార్కులు. దావా రాసి ఇవ్వడం చేతకాకపోతే, కోర్టు గుమాస్తా దగ్గరకెళ్ళి నోటితో చెప్పవచ్చు, ఆయన రాసుకోవాలి. నా ముక్కాలుగంట అనుభవానికి మూలం ఇదీ. రాజుగారి కోపం వల్ల రాని బల్ల, వందేళ్ళ తర్వాత ఒక పొడి చట్టంలో ఒక్క వాక్యంగా వచ్చింది.

మన దేశంతో పోల్చి చూడండి. మన దగ్గర 'పార్టీ ఇన్ పర్సన్' అని హైకోర్టులోనూ, సుప్రీంకోర్టులోనూ కూడా సొంతంగా నిలబడవచ్చు. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. ఉన్నది కింది మెట్టు మీదే. కానీ ఆ కింది మెట్టు మీద చెయ్యందిస్తారు. మన దగ్గర తలుపు పెద్దది, లోపల దారి చూపేవాడు తక్కువ. ఇక్కడ తలుపు చిన్నది, పక్కన మనిషుంటాడు.

రాసుకునేవాడు దొరికాడు. మరి అడిగేవాడు? 1877 నాటి ఆలోచన ఏమిటంటే, జడ్జి అంపైరు లాంటివాడు, ఆట ఆడేది మీరు. లాయరున్న వ్యాపారి ఒక పక్కన, చదువురాని కూలీ ఇంకో పక్కన నిలబడితే, జడ్జి ఇద్దరినీ సమానంగా చూసి ఊరుకుంటే సమానత్వం అవుతుందా? ఈ ప్రశ్న గట్టిగా వేసింది పక్క దేశమైన ఆస్ట్రియాలో ఉన్న ఆంటోన్ మెంగర్ అనే వియన్నా ప్రొఫెసరు. జర్మనీ కొత్త సివిల్ కోడ్ ముసాయిదాని విమర్శిస్తూ 1890లో ఆయనొక పుస్తకం రాశాడు. ఆస్తిలేనివాడికి అతని హక్కులేమిటో జడ్జీయే చెప్పాలన్నాడు. ఆయన శిష్యుడు ఫ్రాన్స్ క్లైన్ ఆస్ట్రియాకి కొత్త ప్రొసీజర్ కోడ్ రాశాడు. అది 1898లో అమలైంది. జడ్జి చేతులు కట్టుకు కూర్చోకూడదన్నది దాని ప్రాణం. ఆ గాలి జర్మనీకీ తగిలింది. 1909లో ఆమ్ట్స్‌గెరిష్ట్ హద్దుని 600 మార్కులకి పెంచి, జడ్జీకి మరింత చొరవ ఇచ్చారు. 1924లో మరో సవరణ వచ్చింది.

ఇవాళ ఆ కోడ్‌లో 139వ సెక్షను ఉంది. కక్షిదారు చెప్పిందాంట్లో లోటుంటే జడ్జి అడగాలి, పొరపాటున వదిలేసిన సంగతి ఎత్తి చూపాలి, అర్జీ సరిగ్గా పెట్టుకునేలా చూడాలి. దయతో చేసే పని కాదిది, జడ్జి విధి. ఒక ముఖ్యమైన అంశం మీద హెచ్చరించకుండా తీర్పు చెబితే, పైకోర్టులో ఆ తీర్పు నిలవకపోవచ్చు.

అయితే దీనికొక గట్టుంది. అడగందే అమ్మైనా పెట్టదంటాం కదా, జర్మనీ జడ్జి కూడా అంతే. 308వ సెక్షను ప్రకారం మీరు అడగనిది ఆయన ఇవ్వలేడు. 1,800 అసలు అడిగి వడ్డీ అడగడం మరిచిపోతే, వడ్డీ రాదు. అందుకే ఆ బల్ల దగ్గర ఉద్యోగి "ఖచ్చితంగా ఏం కావాలి?" అని అన్నిసార్లు అడిగింది.

ఇక మూడోవాడు, పక్కన నిలబడే స్నేహితుడు. కథలో చీకటి భాగం ఇదే.

1894లో న్యూరెంబర్గ్‌లో కార్మిక సంఘాలవాళ్ళు ఒక ఆఫీసు తెరిచారు. ఆర్బైటర్ సెక్రెటారియాట్ అని పేరు. మార్టిన్ సెగిట్స్ అనే ఆయన అందులో కూర్చుని, కార్మికులకి ఉచితంగా సలహా చెప్పి కాగితాలు రాసిపెట్టేవాడు. మన వేపచెట్టే, కాకపోతే డబ్బు పుచ్చుకోని చెట్టు. చూస్తూండగానే ఇలాంటివి ఊరూరా వెలిశాయి. 1890 నాటి పారిశ్రామిక కోర్టుల చట్టమైతే, కార్మికుడు బెదరకుండా ఉండటానికి, ఆ కోర్టుల్లోకి లాయర్లనే రానివ్వలేదు.

1933లో నాజీలొచ్చారు. మే 2న కార్మిక సంఘాల ఆఫీసులని ఆక్రమించారు. యూదు లాయర్లని వృత్తినుంచి తరమడం అప్పటికే మొదలైంది. వృత్తి పోయిన ఆ లాయర్లు కనీసం సలహాలు చెప్పుకుని బతకవచ్చు కదా? ఆ దారి కూడా మూయడానికి 1935 డిసెంబరు 13న ఒక చట్టం తెచ్చారు. అనుమతి లేకుండా ఎవరూ ఎవరికీ న్యాయసలహా ఇవ్వకూడదు, ఉచితంగా అయినా సరే. యూదులకి ఆ అనుమతి దొరకదని నిబంధనల్లో రాశారు. పైకి చెప్పింది మోసగాళ్ళనుంచి ప్రజలని కాపాడటానికని. 1938లో మిగిలిన యూదు లాయర్లని కూడా తీసేశారు.

యుద్ధం అయిపోయింది, నాజీలు పోయారు. యూదుల గురించిన నిబంధన పోయింది. చట్టం మాత్రం ఉండిపోయింది! పక్కింటివాడికి కోర్టు కాగితం గురించి అలవాటుగా సలహా చెప్పేవాడు, పైసా తీసుకోకపోయినా, ఇంకో అరవై ఏళ్ళ పాటు చట్టరీత్యా తప్పు చేసినట్టే లెక్క.

దీన్ని కదిపింది బ్రౌన్‌ష్వైగ్ పైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన హెల్ముట్ క్రామర్. నాజీ కాలపు న్యాయవ్యవస్థ మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన మనిషి. ఆయన కొందరికి డబ్బు తీసుకోకుండా న్యాయసహాయం చేసి, "నేను చట్టం మీరాను, చూడండి" అంటూ తనమీద తనే ఫిర్యాదు చేసుకున్నాడు. జరిమానా పడింది. అది పట్టుకుని కార్ల్‌స్రూహెలోని రాజ్యాంగ కోర్టుకి వెళ్ళాడు. 2004 జులై 29న రాజ్యాంగ కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అనుభవమున్న న్యాయకోవిదుడు ఉచితంగా చెప్పే సలహాని ఆ చట్టం కింద గుడ్డిగా శిక్షించకూడదంది. 2008 జులై 1న ఆ పాత చట్టమే పోయి, దాని స్థానంలో కొత్తది వచ్చింది.

ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, బంధువులకీ, ఇరుగుపొరుగుకీ, దగ్గర స్నేహితులకీ ఉచితంగా సలహా చెప్పవచ్చు. అంతకు మించి అందరికీ చెప్పాలంటే, న్యాయం చదివిన మనిషి ఆధ్వర్యంలో చెప్పాలి. ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో మీ తరఫున మీ భార్యో, భర్తో, పెద్దవాళ్ళయిన పిల్లలో డబ్బు తీసుకోకుండా నిలబడవచ్చు. మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో "ఈ ఉత్తరానికి ఏం రాయాలి?" అని ఎవరైనా అడిగితే మనం తలా ఒక మాట చెబుతాం చూడండి, దాని వెనక ఇంత చరిత్ర ఉంది. అలాగని మిడిమిడి జ్ఞానంతో చెప్పకూడదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి "ఏం కాదులే, పారెయ్" అని చెబితే, ఆ మనిషి కొంప మునుగుతుంది. ఎలాగో చెబుతాను.

ఇక్కడ కోర్టు ఉత్తరాలు పసుపుపచ్చ కవర్లో వస్తాయి. పోస్టుమాను కవరు మీద తేదీ వేస్తాడు. మీరు ఇంట్లో లేకపోతే డబ్బాలో వేసినా సరే, అందినట్టే లెక్క. ఆ తేదీనుంచే గడువు నడుస్తుంది. అందుకే కవరు పారెయ్యకూడదు. ఎవరైనా మీరు బాకీ ఉన్నారంటే, కోర్టునుంచి మాన్‌బెషైడ్ అనే నోటీసు తెప్పించగలరు. ఆ బాకీ నిజమో కాదో ఆ దశలో కోర్టు చూడదు. కాదనాలంటే, దానితో వచ్చిన ఫారం మీద రెండు వారాల్లో కాదని రాసి పంపాలి. కారణం కూడా చెప్పక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. ఊరుకుంటే రెండో కాగితం వస్తుంది. దానికీ రెండు వారాలు. అదీ దాటితే, లేని బాకీ కూడా 30 ఏళ్ళ పాటు వసూలు చెయ్యదగ్గ బాకీ అయి కూర్చుంటుంది. పెళ్ళికని నెల్లాళ్ళు ఇండియా వెళ్ళి వచ్చేసరికి డబ్బాలో ఇలాంటి కవరుంటే? దానికీ దారుంది. మీ తప్పు లేకుండా గడువు దాటిందని, విషయం తెలిసిన రెండు వారాల్లోపు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ కూడా ఆమ్ట్స్‌గెరిష్ట్ కేసయితే ఆ బల్ల దగ్గరే రాయించుకోవచ్చు.

ఇంకొన్ని ముక్కలు చెప్పి ముగిస్తాను. ఆమ్ట్స్‌గెరిష్ట్ హద్దు చాలా ఏళ్ళు 5,000 యూరోలుండేది. 2026 జనవరి 1నుంచి 10,000 చేశారు. కాపురముండే ఇంటి అద్దె తగాదా అయితే, ఎంత మొత్తమైనా సరే, ఆమ్ట్స్‌గెరిష్ట్‌లోనే. ఉద్యోగం తీసేస్తే కార్మిక కోర్టుకి వెళ్ళాలి. అక్కడా మొదటి మెట్టు మీద లాయరు తప్పనిసరి కాదు. కానీ ఉత్తరం చేతికందిన మూడు వారాల్లో దావా పడాలి. లాయరు తప్పనిసరైన లాండ్‌గెరిష్ట్‌లో కూడా కొన్ని అర్జీలు మనమే పెట్టుకోవచ్చు. అత్యవసర ఉత్తర్వు కోసం, సాక్ష్యం చెడిపోకుండా ముందే భద్రపరచడం కోసం, జడ్జి పక్షపాతి అన్న అభ్యంతరం కోసం, కోర్టు ఖర్చుల సాయం కోసం.

ఆ చివరిదాన్ని ప్రొట్సెస్ కోస్టెన్ హిల్ఫె అంటారు. పూర్వం 'బీదవాడి హక్కు' అనే అర్థం వచ్చే పేరుండేది. 1981 జనవరి 1నుంచి ఆ పేరు మార్చి, దానితోపాటే కోర్టు బయట సలహా కోసం ఇంకో పథకం కూడా తెచ్చారు. రాబడి తక్కువగా ఉండి, కేసులో పస ఉంటే ఇస్తారు. ఒక్క హెచ్చరిక. ఓడిపోతే అవతలివాడి లాయరు ఖర్చు ఈ సాయంలో రాదు, మనమే కట్టాలి. ఇక్కడ ఓడినవాడు ఇద్దరి ఖర్చూ భరించాలన్నది నియమం. మన సామెతలో గెలిచినవాడి ఏడుపు ఇక్కడ కొంత తగ్గుతుంది, ఓడినవాడి ఏడుపు రెట్టింపవుతుంది. కనక లాయరు అక్కర్లేదు కదాని ఉత్తి పట్టుదలకి పోకూడదు.

కాగితం విషయానికొస్తే, మామూలు ఈమెయిల్ చెల్లదు. సంతకం పెట్టి పోస్టులో పంపాలి, లేదా ఫ్యాక్స్ చెయ్యాలి, లేదా బల్ల దగ్గరకెళ్ళాలి. లాయర్లకి 2022నుంచి కంప్యూటరు ద్వారా దాఖలు చెయ్యడం తప్పనిసరి. మామూలు మనుషులకి కాదు. వేరే ఊరి కోర్టుకి వెళ్ళాల్సిన కాగితం మీ ఊరి బల్ల దగ్గర రాయిస్తే, అది ఆ కోర్టుకి చేరినప్పుడే లెక్కలోకొస్తుంది. గడువు చివరిరోజున వెళ్ళి కూర్చోకండి.

మన బోంట్లకి ఇంకా మిగిలున్న గోడ భాష. కోర్టు భాష జర్మన్ అని చట్టం. సోర్బ్‌లనే చిన్న తెగవాళ్ళకి వాళ్ళ ప్రాంతంలో వాళ్ళ భాష వాడుకునే హక్కుంది. 2025 ఏప్రిల్‌నుంచి పెద్ద వ్యాపారుల తగాదాలని ఇంగ్లీషులో నడపడానికి కూడా వీలిచ్చారు. అడ్వాన్సు కోసం తిరిగే కుర్రాడికి మాత్రం జర్మనే. విచారణ రోజున భాష రానివాడికి దుబాసీని పెడతారు. దావా మాత్రం జర్మన్‌లోనే ఇవ్వాలి. రాసిపెట్టేవాడున్నాడు, అడిగే జడ్జి ఉన్నాడు, పక్కన నిలబడేవాడికి చట్టం ఒప్పుకుంది. మాట అర్థమయ్యేలా చెప్పడానికి వెంట వెళ్ళే మనిషి మాత్రం మనలోంచే రావాలి. ఎవరైనా కొత్తగా వచ్చిన పిల్లలు పసుపు కవరు పట్టుకుని బిక్కమొహం వేస్తే, సలహా చెప్పడం చేతకాకపోయినా, ఆ బల్లదాకా తోడు వెళ్ళండి. ఉచితమే, నేరమూ కాదు.

నా కేసేమైందంటారా? విచారణ ముప్పావుగంట జరిగింది. గోడలకి రంగులు వేయించాల్సొచ్చిందన్నారు ఇంటాయన. జడ్జి నావైపు తిరిగి, "ఇల్లు అప్పజెప్పిన రోజున ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితమేమైనా ఉందా?" అని అడిగింది. ఉంది! సంచీలోనే ఉంది. అది ముఖ్యమని తెలియక నేను దాఖలు చెయ్యలేదు. ఆమె అడగకపోతే అది సంచీలోనే ఉండిపోయేది. కాసేపటికి 1,500కి రాజీ కుదిరింది. 300 పోయాయి, అయినా ఇంటికొచ్చి ఏడవలేదు.

రైల్లో తిరిగొస్తుంటే రోసీనె ఆర్నోల్డ్ గుర్తొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న ఆమెని కూడా ఎవరైనా అడిగి ఉంటే, రాజుదాకా వెళ్ళే పనుండేది కాదేమో.

మళ్ళీ కలుద్దాం. సెలవు.